గాలం కర్రకు రెండో చుక్క

ప్రొద్దుటూరులో నేను పనిచేసింది బంగారం అంగట్లో కాదు, బట్టల అంగట్లోనూ కాదు. ముందే చెప్పకపోతే మా ఊరి పేరు వినగానే అందరూ ఆ రెండింట్లో ఒకటి అనుకుంటారు. నాది రేడియం షాపు. బండ్లకు నంబరు ప్లేట్లు, ఆటోల వెనక రాతలు, లారీలకు ఎర్ర పట్టీలు, స్కూలు బస్సులకు పసుపు పట్టీలు, ఇదీ మా పని. ఇప్పుడు కొత్త బండ్లకు ప్లేట్లు షోరూం నుంచే వస్తున్నాయి కాబట్టి ఆ పని పలచబడింది, నేనూ మానేసి ఇంటిపట్టున ఉన్నాను. ఏ పనిలోనైనా కొత్తగా చేరిన పిల్లలు చదువుకుంటారని ఇది రాస్తున్నాను. ఇందులో నీతి వెతకవద్దు. నా ఉద్యోగం మొత్తంలో నేను ఎక్కువగా నవ్విన రోజుల సంగతి ఇది.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. అక్షరం ఎంత ఎత్తుంటే ఎంత దూరానికి కనిపిస్తుంది, గీత ఎంత మందంగా ఉండాలి, ఇలాంటివి ఎవరూ నేర్పరు. మైదుకూరు రోడ్డులో ఒక గోడకు ప్లేటు ఆనించి, అడుగులు లెక్కపెడుతూ వెనక్కి నడిచేవాడిని. ఒకసారి అలా నడిచి నడిచి ఒక ఎనుమును గుద్దుకున్నాను. అది కదలలేదు. నేనే లెక్క మరిచిపోయి మొదటినుంచీ నడవాల్సి వచ్చింది. మా షాపు ఓనరు శెట్టి ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

షాపులో మా ఇద్దరితో పాటు ఒక పెద్దాయన ఉండేవాడు. కంప్యూటరుతో కోసే మిషను రాకముందు చేత్తో నంబర్లు రాసిన పెయింటరు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఆయన రాయని లారీ లేదని శెట్టి చెప్పేవాడు. మిషను వచ్చాక ఆయనకు కుంచె పట్టే పని పోయింది కానీ శెట్టి ఆయన్ను పోనివ్వలేదు. స్టిక్కరు వంకర పోకుండా అతికించడం ఆయన చేతిలోనే ఉండేది. నాకు బంధువు కాకపోయినా మామా అని పిలిచేవాడిని. ఆయన నన్ను అబ్బీ అనేవాడు.

మామకు గాలం పిచ్చి. శనివారం షాపు కట్టేయగానే కర్ర, రీలు తీసుకుని మైలవరం డ్యాం ఒడ్డుకు పోయి, నడిరాత్రి దాకా ఆడనే కూర్చునేవాడు. మా ఎండలకు పగలు చేప లోతు వదిలి రాదు, పొద్దు గూకినాకనే ఒడ్డుకు వస్తుంది. అప్పుడు కర్ర కొన కనిపించదు. చేప ఎరను లాగితే కర్ర కొన ఊగుతుంది, అది చూసి కర్రను గభాలున పైకి లేపితే గాలం చేప నోట్లో దిగుతుంది. కొన కనిపించకపోతే అంతా గుడ్డి పనే. కొందరు దారాన్ని వేలితో పట్టుకుని కదలిక తెలుసుకుంటారు. మామ వేళ్లు ఏళ్లతరబడి థిన్నరుతో కడిగి కడిగి మొద్దుబారినాయి. కర్ర కొనకు మువ్వ కట్టి చూశాడు. మైలవరం గాలికి అది తెల్లవార్లూ మోగింది. పక్కన కూర్చున్న జమ్మలమడుగు వాళ్లు కూడా మువ్వలు కట్టినవాళ్లే. ఒకటి మోగితే పదిమందీ లేచి ఎవరి కర్ర వాళ్లు లాగేవాళ్లు. చివరికి అందరూ కలిసి ఒడ్డున మువ్వలు వద్దని తీర్మానం చేసుకున్నారు.

ఆ తర్వాతనే మామ ఉత్తపుణ్యానికి కర్ర లేపడం మొదలుపెట్టాడు. కొన కదిలిందనుకోవడం, లేపడం, గాలానికి ఎరగా పెట్టిన చెనక్కాయ చెక్క ఉండ చెక్కుచెదరకుండా ఉండటం. ఒక రాత్రి అలా గబుక్కున లేవబోయి రాళ్ల మీద జారి మోకాలి లోతు నీళ్లలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు కానీ ఆ తడిబట్టలతోనే ఇంటికి పోయాడు. అత్త చూసింది. అత్త అంటే ఆయన భార్య. కోపం వస్తే అరవదు, తీర్పు చెప్తుంది. కండ్లు ఆనని మనిషికి చీకట్లో నీళ్ల పక్కన పనేందని అడిగి, కర్రను బీరువా మీదికి ఎక్కించింది. వచ్చే నెల పులివెందుల నుంచి అల్లుడు వస్తాడు, ఆయనా గాలం వేసేవాడే, ఆయనకిచ్చేస్తానని చెప్పింది.

మామ మరుసటి రోజు షాపుకు వచ్చి పనిలో కూర్చున్నాడు. ఒక ఆటోకు అతికించిన పేరు ఒక పక్కకు వాలింది. అది ఆయన చేతిలో ఎప్పుడూ జరగలేదు. శెట్టి చూసీ చూడనట్టు అటు తిరిగాడు. సాయంత్రం మామ నా పక్కన స్టూలు వేసుకుని, "అబ్బీ, అంత దూరం నుంచి లారీ నంబరు కనపడేట్టు చేస్తావు గదా. ఆ కర్ర కొన నాకు కనపడేట్టు చెయ్" అన్నాడు.

నేను సరేనన్నాను. సులభమనుకున్నాను.

శనివారాలు మామ అత్తకు తెలియకుండా కర్రను బీరువా మీదనుంచి దించి, తిరిగొచ్చి మళ్లీ ఎక్కించేవాడు. మొదట కొనకు తెల్ల రంగు కొట్టాము. వెన్నెల ఉన్నప్పుడు కనిపించింది. వెన్నెల లేకపోతే లేదు. తర్వాత లారీ పట్టీ ముక్క చుట్టాము. అది తనంతట తాను వెలగదు, మన వైపు నుంచి వెలుతురు పడితేనే తిరిగి చూపిస్తుంది. అందుకని మామ నెత్తికి టార్చి కట్టాము. కొన అద్భుతంగా మెరిసింది. దాంతో పాటు మైలవరంలో ఉన్న పురుగులన్నీ ఆయన మొహానికి వచ్చాయి. ఏమైనా చెప్పాలని నోరు తెరిస్తే రెండు లోపలికి పోయేవి. ఆ రాత్రి ఆయన సైగలతోనే మాట్లాడాడు. ఇంకో వారం చిన్న లైటుకు గుండీ బ్యాటరీ పెట్టి కొనకు కట్టాము. ఆ బరువుకు కొన దానంతట అదే తల ఊపడం మొదలుపెట్టింది, చేపతో పనిలేకుండా.

చివరికి నాకు ఇంకో రకం షీటు గుర్తుకొచ్చింది. సినిమా హాళ్ల మెట్లకు అంటించేది. కాసేపు వెలుతురులో ఉంచితే చీకట్లో పచ్చగా వెలుగుతుంది. దానికి బరువు లేదు, బ్యాటరీ వద్దు. చిటికెన వేలి గోరంత ముక్క కోసి, దారం ఒరుసుకోకుండా కొన రింగు కింద చుట్టాను. టార్చి బండి డిక్కీలో పెట్టుకుని, ఆ వారమూ అలాగే అత్తకు తెలియకుండా దించిన కర్రతో మైలవరం పోయాము. టార్చి వెలుతురు తాగించి ఆర్పేస్తే, నల్లటి నీళ్ల మీద పచ్చటి చుక్క. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చూశారు. మామ నా వీపు చరిచాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ రాత్రి ఆయన అంతకుముందు ఏ రాత్రీ లేపనన్ని సార్లు కర్ర లేపాడు. చుక్క కదిలిందంటాడు, లేపుతాడు, ఉండ అలాగే ఉంటుంది. గాలి లేదు. అలలు లేవు. ప్రతిసారీ నేనే టార్చి వేసి చూశాను, చేప మూతి కూడా తగల్లేదు. జమ్మలమడుగు వాళ్లలో ఒకాయన, "మామా, చేపలు పట్టేదానికి వచ్చినావా, గాలిపటం ఎగరేసేదానికా?" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. బండి మీద తిరిగి వస్తుంటే నా వెనకనుంచి మెల్లగా, "నా కండ్లు పోయినాయిలే అబ్బీ. ఆయమ్మ మాటే నిజం. అల్లునికే ఇచ్చేస్తా" అన్నాడు. ప్రొద్దుటూరులో ఆయన్ను దించేటప్పుడు, చూసిస్తానని కర్ర కొనలో ఒక జానెడు ఊడదీసి నా దగ్గర ఉంచుకున్నాను.

మరునాడు పెద్దాయన షాపుకు రాలేదు. నాకు లెక్క తేలకపోతే అన్నం సయించదు. రాత్రి తెచ్చుకున్న ఆ కొనను బయటికి తీశాను. దాన్ని షాపు బల్లకున్న వైసులో గట్టిగా బిగించాను. ఇనుప దవడల మధ్య అది కదలడానికి లేదు. మధ్యాహ్నం షట్టరు కిందికి లాగి, సందుల్లో గోనె పట్టాలు కుక్కి, శెట్టిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. చీకట్లో చుక్క వెలిగింది. కాసేపు ఇద్దరమూ ఊరికే చూశాము.

"పైకి పోతాంది" అన్నాడు శెట్టి.

"లేదు శెట్టీ, ఎడమకు పోతాంది."

"నీకేమన్నా పిచ్చా, పైకి పోతాందంటే."

ఇద్దరమూ లేచి షట్టరు ఎత్తి చూశాము. కొన వైసులో బిగించినట్టే ఉంది. మళ్లీ మూశాము. మళ్లీ బయలుదేరింది, ఆయనకు పైకి, నాకు ఎడమకు. అంతలో టీ అంగడాయన టీ తెచ్చి షట్టరు తట్టాడు. మిట్టమధ్యాహ్నం లోపల ఏం చేస్తున్నారో అని ఆయనకు అనుమానం. లోపలికి రానిచ్చి, ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టాము. కొంచెంసేపు చూసి, "తిరుగుతాంది, తిరగలి మాదిరి" అన్నాడు. శెట్టి నవ్వు ఆపుకోలేక చేతిలో టీ గ్లాసు వదిలేశాడు. ఆ టీ నా కాలి మీద పడింది, నాకు కాలిందని కూడా తెలియలేదు, అంతగా నవ్వుతున్నాను. చుట్టూ ఏమీ కనిపించని చీకట్లో ఒక్కటే చుక్కను చూస్తూ కూర్చుంటే, అది కదలకపోయినా కదిలినట్టే ఉంటుంది. అందరికీ. మామకు ఒక్కడికే కాదు.

బండేసుకుని పోయి మామను ఎక్కించుకొచ్చాను. ఎందుకో చెప్పలేదు. షట్టరు మూసి, స్టూలు మీద కూర్చోబెట్టి, చుక్క ఎటు పోతోందో చెప్పమన్నాను.

"నన్ను ఎక్కిరిస్తాండారా?" అన్నాడు.

"చెప్పు మామా."

స్టూలు ముందుకు జరుపుకుని చూశాడు. తర్వాత, "కుడికి. నిదానంగా" అన్నాడు.

శెట్టి షట్టరు ఎత్తాడు. మామ లేచి వైసు దగ్గరికి పోయి, కొనను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపబోయాడు. అది కదల్లేదు. వైసు పిడిని ఇంకొంచెం బిగించి చూశాడు. అప్పుడు శెట్టి వైపు తిరిగి, "నీగ్గూడా జరిగెనా?" అని అడిగాడు. తనకు పైకి పోయిందని శెట్టి చెప్పాడు. నేను ఎడమకన్నాను. టీ అంగడాయన చేత్తో గాల్లో గుండ్రంగా తిప్పి చూపించాడు. మామ స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ చొక్కా అంచుతో కండ్లు తుడుచుకున్నాడు. ఆయన్ను చూసి మేము, మమ్మల్ని చూసి ఆయన, అది ఎంతసేపో ఎవరికీ లెక్క లేదు. నాకు కూడా.

నవ్వు తగ్గినాక ఆయనే చెప్పాడు. ఖాళీ గోడ మీద మొదటి అక్షరం రాసినప్పుడు అది వాలిందో నిటారుగా ఉందో తనకే తెలిసేది కాదట. పక్కన రెండో అక్షరం పడినాకే మొదటిది ఎట్లుందో కనపడేదట. "దీనికి తోడు లేదబ్బీ. తోడు పెట్టు" అన్నాడు.

ఒక ఇనుప కమ్మీకి అలాంటిదే ఇంకో ముక్క చుట్టి, కొన పక్కన నిలబెట్టి షట్టరు మూశాము. రెండు చుక్కలు పక్కపక్కన మేకులు కొట్టినట్టు నిలబడ్డాయి. శెట్టికి పైకి పోలేదు, నాకు ఎడమకు పోలేదు. ఇక మిగిలింది నా పని. రెండూ దగ్గరగా ఉంటే దూరం నుంచి ఒక్కటిగా కలిసిపోతున్నాయి, ఎడంగా ఉంటే మళ్లీ దేని దారి దానిది. ముందుకూ వెనక్కూ జరిపి, షాపు ఈ మూల నుంచి ఆ మూలకు పోయి చూసి, బెత్తెడు సందు సరిపోతుందని తేల్చాను. కమ్మీని ఒడ్డున నాటితే అది కదలదు. చేప లాగితే కర్ర కొన కదులుతుంది, సందు మారుతుంది. చుక్కను కాదు, సందును చూడాలి.

ఇంక అత్తను ఒప్పించాలి. శెట్టి, నేను, మామ ముగ్గురమూ పోయాము. ఆమె కూరకు ఎర్రగడ్డలు కోస్తూ మొత్తం వినింది. పట్టపగలు ముగ్గురు మొగవాళ్లు తలుపేసుకుని చుక్కను చూస్తూ కూర్చున్నారా, అంగడికి బేరగాళ్లు ఎవరూ రాలేదా అని శెట్టిని అడిగింది. శెట్టి తల దించుకున్నాడు. తర్వాత తీర్పు చెప్పింది. అల్లుడు రావడం కాదు, శనివారం మనమే పులివెందులకు పోతాము. ఆడ మామా అల్లుడూ పక్కపక్కన కూర్చుంటారు, తాను చూస్తుంది. "చేప లేకుండా ఉత్తగా కర్ర లేపేటోని శేతిలో కర్ర ఉండగూడదు. అంతే" అనింది.

శనివారం శెట్టి వ్యాను తీశాడు. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి, అల్లుణ్ణి ఎక్కించుకుని, పార్నపల్లె దగ్గర రిజర్వాయరు ఒడ్డుకు చేరేసరికి పొద్దు గూకింది. అల్లుడు చీనీతోటలు, అంటే బత్తాయి తోటలున్న రైతు, మంచి మనిషి. కొత్త కర్ర, కొత్త రీలు, కొనకు కొనుక్కొచ్చిన ఎర్ర లైటు. మామ కర్ర తనకు రాబోతోందని ఆయనకు తెలుసు. పాపం, దాన్ని ఎంత బాగా చూసుకుంటాడో దారి పొడవునా మామకే చెప్పాడు. మామ ఊఁ కొట్టాడు.

అత్త ఇద్దరికీ మధ్యలో, కొంచెం వెనకగా చాప పరచుకుని, ఉడకేసిన చెనక్కాయలు ముందర పెట్టుకుని, చేతిలో టార్చితో కూర్చుంది. నేను కమ్మీ నాటి, సందు కొలిచి, తప్పుకున్నాను. చీకటి పడింది. కుడివైపు ఒక ఎర్ర చుక్క, ఎడమవైపు రెండు పచ్చ చుక్కలు.

కొద్దిసేపటికే అల్లుడు కర్ర లేపాడు. చేప తప్పించుకుంది అన్నాడు. అత్త లేచి పోయి టార్చి వేసి గాలం చూసింది. "ఉండ ఉండినట్టే ఉండాది" అని వచ్చి, లెక్కకని ఒక చెనక్కాయ పొట్టు పక్కన పెట్టింది. ఇంకాసేపటికి మళ్లీ లేపాడు. మళ్లీ టార్చి, మళ్లీ పొట్టు. ఈసారి నిజంగా ఊగింది అత్తా అన్నాడు. ఎటు ఊగింది నాయనా అని ఆమె అడిగింది. పైకి అన్నాడు. చీకట్లో నా పక్కన శెట్టి నోట్లో కండువా కుక్కుకోవడం నాకు వినిపించింది.

మామ మాత్రం రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, పొరపాటున కూడా లేవకుండా. మొదట అది చూసి సంతోషించాను. తర్వాత భయం పట్టుకుంది. ఆయన వైపు ఏమీ జరగడం లేదు. ఒక్కసారీ లేపకపోతే ఉత్తగా లేపలేదనే రుజువవుతుంది కానీ, చూడగలడని రుజువు కాదు. అత్త పక్కన పొట్టు కుప్ప అయింది, చెనక్కాయలు అడుగంటాయి. ఆమె ఆవలించడం వినిపించింది. ఇంక లేస్తుంది, పోదాం పదండి అంటుంది అనుకున్నాను.

ఆవలింత మధ్యలో ఆగింది.

"సందు" అనింది అత్త, మెల్లగా. "సందు పెరుగుతాంది."

"నోర్మూసుకోమే, సూస్తాండా" అన్నాడు మామ.

ఆయన చేతులు తొడల కిందనుంచి బయటికి వచ్చాయి. బెత్తెడు సందు రెండు బెత్తెలయింది, మళ్లీ మూసుకుంది, మళ్లీ పెరిగింది. ఆయన ఇంకా ఆగాడు. ఒక్కసారిగా ఒక చుక్క కిందికి దూకింది, మామ కర్ర లేపాడు, లేపింది లేపినట్టు కర్ర విల్లులాగా వంగి నిలబడింది. రీలు కీచుమనింది. శెట్టి అరిచాడు, నేను అరిచాను, అల్లుడు తన కర్ర కింద పడేసి నీళ్లలోకి దిగాడు. ఆ వచ్చిన బొచ్చె చేపను ఆయనే రెండు చేతులా కావలించుకుని ఒడ్డుకు తెచ్చాడు. ఎంత తూగుతుందో చూద్దామని నేను కొక్కెం కాటా తీశాను, ఎవరూ వినలేదు. శెట్టి మామను ఎత్తుకుని తిప్పుతున్నాడు. ఆ చేప బరువు ఎంతో నాకు ఈ రోజుకీ తెలియదు, అది నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సందడి తగ్గినాక అత్త టార్చి వెలుతురు పొట్టు కుప్ప మీద వేసింది.

"అల్లుడా, ఏమీ అనుకోగాకు. ఇయ్యన్నీ నీవి. మామది ఒగటి గూడా లేదు."

అల్లుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కింద పడేసిన ఆయన కొత్త కర్రను అప్పటికే మూడు ముక్కలుగా విప్పి గుడ్డలో చుడుతోంది.

"ఉత్తగా లేపేటోని శేతిలో కర్ర ఉండగూడదంటిని. మామకని జెప్పలా, నీకని జెప్పలా" అనింది.

అల్లుడు మామ వైపు చూశాడు. మామ నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు, నవ్వుకు భుజాలు అదురుతున్నాయి. అల్లుడు నిజంగా మంచి మనిషని చెప్పాను కదా. పులివెందులలో ఆయన్ను దించినప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "అత్తా, రీలు మరిచిపోయినావు" అని అదీ చేతిలో పెట్టాడు.

వ్యాను బయలుదేరింది. కిటికీలోంచి మామ కర్ర కొన, చేప తోక, గుడ్డ మూట బయటికి కనిపిస్తున్నాయి. ఆ కొత్త కర్ర నువ్వేం చేసుకుంటావని మామ అడిగాడు. చూసేది తనకు వచ్చేసిందని, లాగేది ఆయన నేర్పాలని ఆమె చెప్పింది. మామ గుడ్డ మూటను తన ఒళ్లోకి లాక్కున్నాడు. చానాసేపటికి ఆమె నా భుజం తట్టింది.

"అబ్బీ, నా కర్రకు ఏం రంగు చుక్క పెడ్తావు?"

మామది పచ్చ కాబట్టి, ఏ కర్ర ఎవరిదో తెలియాలి కాబట్టి, నీలం పెడతానన్నాను.

"వద్దు. పచ్చే పెట్టు" అనింది. "చేప పడినప్పుడు అది ఎవరి కర్రో నేను చెప్తా."